సుల్తాన్ ఉలుగ్ బేగ్: జుహల్ గ్రహంతో ముప్ఫై ఏళ్ళు

ముష్తరీ, జుహల్. ఉర్దూ చదివిన పెద్దలకు ఈ రెండు పేర్లూ పరిచయమే. తెలుగు మీడియం బడికి వెళ్ళే మన పిల్లలు వీటినే బృహస్పతి, శని అని చదువుకుంటున్నారు. భూమి సూర్యుని చుట్టూ ఒకసారి తిరిగితే మనకు ఒక సంవత్సరం. బృహస్పతి ఒకసారి తిరగడానికి మన లెక్కలో 11 సంవత్సరాల 10 నెలలు పడుతుంది. శనికి దాదాపు ఇరవై తొమ్మిదిన్నర సంవత్సరాలు కావాలి. హిజ్రీ లెక్కలో చూస్తే అది 30 సంవత్సరాలు దాటిపోతుంది.

దూరదర్శిని లేని కాలంలో కంటికి కనిపించే గ్రహాలన్నింటిలో మెల్లగా నడిచేది శనిగ్రహమే. కాబట్టి గ్రహాల నడకను మొదటి నుంచి చివరి దాకా స్వయంగా చూసి లెక్క కట్టాలనుకునే వారికి కనీసం ముప్ఫై ఏళ్ళ ఓపిక ఉండాలి. పాతికేళ్ళ వయసులో మొదలుపెడితే యాభై అయిదు వచ్చేనాటికి గాని పని ముగియదు. ఈలోగా రాజు మారవచ్చు. జీతాలిచ్చే ఖజానా ఖాళీ కావచ్చు. చూసే మనిషే లేకుండా పోవచ్చు.

ఇంతటి సుదీర్ఘమైన పనికి పూనుకున్నవారిలో సుల్తాన్ ఉలుగ్ బేగ్ ఒకరు. ఆయన సింహాసనం మీద కూర్చున్న రాజు. మదరసాలో పాఠం చెప్పగల పండితుడు. ఆకాశంలో శనిగ్రహం లెక్కను తేల్చిన ఆయన తన ఇంట్లో కొడుకు మనసును మాత్రం తెలుసుకోలేకపోయారు. చరిత్ర తెలిసిన వారికి ఈ విషయం నేటికీ బాధ కలిగిస్తుంది.

తాత సైన్యం మధ్య జననం

ఉలుగ్ బేగ్ అసలు పేరు ముహమ్మద్ తరాగాయ్. ఉలుగ్ బేగ్ అంటే తుర్కీ భాషలో గొప్ప ప్రభువు అని అర్థం. ఈ ముద్దుపేరే చరిత్రలో నిలిచిపోయింది. ఆయన తాత అమీర్ తైమూర్. తండ్రి మీర్జా షారుఖ్. తల్లి గౌహర్ షాద్ బేగం. మష్హద్ పట్టణంలో నేటికీ యాత్రికులు చూసి ముగ్ధులయ్యే మస్జిద్‌ను కట్టించింది ఆమే.

క్రీ.శ. 1394 మార్చి 22న, హిజ్రీ 796లో, ఇరాన్‌లోని సుల్తానియా పట్టణంలో ఆయన జన్మించారు. అప్పుడు తైమూర్ మార్దీన్ కోటను ముట్టడిస్తున్నాడు. మనవడు పుట్టాడన్న కబురు విని, ఆ సంతోషంలో ఆ నగర ప్రజలను క్షమించి వదిలేశాడని ఆనాటి చరిత్రకారులు రాశారు. పిల్లవాణ్ణి తైమూర్ పెద్ద భార్య సరాయ్ ముల్క్ ఖానం పెంచింది. తాత దండయాత్రలు సాగిన దారుల్లోనే ఆయన బాల్యం గడిచింది.

ఇరాన్‌లోని మరాగా అనే ఊరిలో అప్పటికి పాడుపడిన ఒక వేధశాల ఉండేది. నసీరుద్దీన్ తూసీ 1259లో దాన్ని ప్రారంభించారు. గ్రహాల లెక్కలు పూర్తి కావడానికి ముప్ఫై సంవత్సరాలు కావాలని తూసీ అడిగితే, మంగోలు పాలకుడు హులాగూ పన్నెండేళ్ళలో ముగించమన్నాడట. పన్నెండేళ్ళంటే ముష్తరీ ఒక చుట్టు తిరిగే కాలం. జుహల్ అప్పటికి సగం దారి కూడా రాదు. ఆ శిథిలాలను ఉలుగ్ బేగ్ చిన్నతనంలో చూశారని చెబుతారు. ఆకాశం మీద ఆసక్తి ఆయనకు అక్కడే కలిగిందని పలువురి అభిప్రాయం.

1405లో చైనా మీదికి బయలుదేరిన తైమూర్ దారిలో ఒత్రార్ వద్ద మరణించాడు. వారసుల మధ్య కలహాలు చెలరేగాయి. చివరకు షారుఖ్ గెలిచి, హిరాత్‌ను రాజధానిగా చేసుకున్నాడు. 1409లో సమర్ఖండ్‌ను తన పెద్ద కొడుకైన ఉలుగ్ బేగ్‌కు అప్పగించాడు. అప్పటికి ఆయన వయసు పదిహేనేళ్ళు.

మదరసాలో సుల్తాన్

సమర్ఖండ్‌లోని రీగిస్తాన్ మైదానం పక్కన 1417లో ఉలుగ్ బేగ్ ఒక మదరసా కట్టడం ప్రారంభించారు. 1420 నాటికి అది పూర్తయింది. బుఖారాలో మరొక మదరసా కట్టించారు. గిజ్దువాన్‌లో 1433లో మూడవది కట్టించారు. సమర్ఖండ్ మదరసాలో తఫ్సీర్, హదీస్, ఫిఖాలతో పాటు గణితం, ఖగోళశాస్త్రం కూడా ముఖ్యమైన పాఠ్యాంశాలుగా ఉండేవి.

ఆయన చుట్టూ చేరిన పండితుల్లో ముగ్గురు ముఖ్యులు. అనటోలియాలోని బుర్సా నుంచి వచ్చిన ఖాజీ జాదా రూమీ మొదటివారు. కాషాన్ నుంచి వచ్చిన గియాసుద్దీన్ జంషీద్ కాషీ రెండవవారు. వృత్తం చుట్టుకొలతకూ వ్యాసానికీ ఉండే నిష్పత్తిని, అంటే మన పిల్లలు పై అని చదివే సంఖ్యను, 1424లోనే దశాంశం తర్వాత 16 స్థానాల వరకు సరిగ్గా లెక్కించిన మహనీయుడాయన. మూడవవారు అలీ ఖుష్జీ. సుల్తాన్ గారి డేగలను చూసుకునే ఉద్యోగి కొడుకు. చెప్పకుండా కిర్మాన్ వెళ్ళిపోయి చదువుకొని వచ్చి, తప్పు మన్నించమంటూ చంద్రుని కళల మీద తాను రాసిన గ్రంథాన్ని సుల్తాన్‌కు కానుకగా సమర్పించుకున్నాడట. సుల్తాన్ కోపగించుకోక, అతన్ని సొంత బిడ్డలా ఆదరించారు.

కాషీ తన తండ్రికి రాసిన ఉత్తరాలు నేటికీ లభ్యమవుతున్నాయి. ఉలుగ్ బేగ్ ఎలాంటి మనిషో వాటి ద్వారా మనకు తెలుస్తుంది. ఆయనకు దివ్య ఖుర్ఆన్‌లో ఎక్కువ భాగం కంఠస్థం. అరబీ వ్యాకరణంలో, ఫిఖాలో మంచి పట్టు ఉండేది. ఒకనాడు గుర్రం మీద వెళుతూనే, కాగితం కలం లేకుండా, సూర్యుని స్థానాన్ని మనసులోనే లెక్కగట్టి చెప్పారట. చర్చల్లో ఎవరైనా రాజుగారి మాట కదా అని అర్థం కాకుండానే తల ఊపితే ఆయనకు నచ్చేది కాదు. ఒక్కోసారి కావాలనే తప్పు మాట చెప్పి, ఎవరు ముఖస్తుతి కోసం ఒప్పుకుంటారో కనిపెట్టి, ఆ తర్వాత వారిని సిగ్గుపడేలా చేసేవారు.

మదరసాకు సంబంధించి మరొక సంఘటన జీవిత చరిత్రకారులు రాశారు. ఒకసారి ఉలుగ్ బేగ్ ఒక ఉపాధ్యాయుణ్ణి పదవి నుంచి తొలగించారు. మర్నాటి నుంచి ఖాజీ జాదా పాఠాలకు రావడం మానేశారు. ఆరోగ్యం బాగాలేదేమో అనుకొని సుల్తాన్ స్వయంగా ఆయన ఇంటికి వెళ్ళారు. బోధన అనేది తొలగింపు భయం లేని పదవి అనుకున్నాననీ, అది కూడా రాజుల ఇష్టాయిష్టాల మీద ఆధారపడి ఉందని తెలిసి విరమించుకున్నాననీ ఖాజీ జాదా చెప్పారు. ఉలుగ్ బేగ్ తన తప్పు ఒప్పుకొని, తొలగించిన ఉపాధ్యాయుణ్ణి తిరిగి నియమించారు. ఉపాధ్యాయుని మాటకు రాజు తలవంచిన ఈ సంఘటన ఎంతో గమనార్హం.

కొండ మీద వేధశాల

సమర్ఖండ్ శివార్లలో ఒక గుట్ట మీద, ఆబె రహ్మత్ కాలువ సమీపంలో, 1420వ దశకంలో వేధశాల వెలిసింది. గుండ్రటి మూడంతస్తుల భవనం. అడ్డుకొలత 46 మీటర్లకు పైనే. దాని లోపల ఉత్తర దక్షిణాలుగా ఒక బ్రహ్మాండమైన చాపం. దాని వ్యాసార్ధం దాదాపు 40 మీటర్లు. కింది భాగాన్ని గుట్ట రాతిని తొలిచి నేలలోకి దించారు. పైభాగం భవనం పైకప్పు దాకా పోయేది. చాపం మీద పాలరాతి పలకలు పరిచి గీతలు చెక్కారు.

ఇంత పెద్దది ఎందుకనే సందేహం పాఠకులకు కలగవచ్చు. చిన్న స్కేలు మీద గీతలు ఎంత దగ్గరగా ఉంటాయో, పెద్ద స్కేలు మీద అంత దూరంగా ఉంటాయి. ఈ చాపం మీద ఒక డిగ్రీ దాదాపు 70 సెంటీమీటర్ల పొడవు ఉండేది. డిగ్రీలో అరవయ్యో వంతు, అంటే ఒక నిమిషం, ఒక సెంటీమీటరుకు పైనే. మధ్యాహ్నం సూర్యకిరణం ఒక రంధ్రం గుండా వచ్చి ఆ పాలరాతి మీద పడేది. ఏ గీత మీద పడిందో చూసి సూర్యుని ఎత్తును రాసుకునేవారు. నక్షత్రాలకు, గ్రహాలకు వేరే పరికరాలు ఉండేవి.

ఈ కొలతల వల్ల వచ్చిన ఫలితం ఆశ్చర్యకరమైనది. సూర్యుడు నక్షత్రాల మధ్య ఒక చోట బయలుదేరి మళ్ళీ అదే చోటికి చేరే కాలాన్ని వారు 365 రోజుల 6 గంటల 10 నిమిషాల 8 సెకన్లుగా తేల్చారు. నేటి లెక్కతో పోలిస్తే తేడా ఒక్క నిమిషం కూడా లేదు. అప్పటికి లోలక గడియారం కూడా లేదన్న సంగతి మనం గుర్తుంచుకోవాలి.

జుహల్, ముష్తరీల లెక్క

గ్రహాల లెక్క సూర్యుని లెక్క కంటే కష్టం. ఏ రాత్రి అయినా శనిగ్రహాన్ని చూసి, మర్నాడు రాత్రి మళ్ళీ చూస్తే, నక్షత్రాల మధ్య అది కదిలినట్టే అనిపించదు. నెలల తరబడి చూస్తే కొంచెం ముందుకు జరిగినట్టు తెలుస్తుంది. అంతలోనే అది ఆగి వెనక్కి నడవడం మొదలుపెడుతుంది. ప్రతి ఏటా దాదాపు నాలుగున్నర నెలలు శని ఇలా వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది. బృహస్పతి దాదాపు నాలుగు నెలలు. అవి నిజంగా వెనక్కి నడవవు. వేగంగా తిరిగే మన భూమి వాటిని దాటి ముందుకు పోవడం వల్ల అలా కనిపిస్తుంది. పక్క పట్టాల మీద మెల్లగా పోతున్న గూడ్సు రైలును మన ఎక్స్‌ప్రెస్ దాటుతున్నప్పుడు, గూడ్సు వెనక్కి పోతున్నట్టు అనిపించడం లాంటిదే ఇది.

దీనికి తోడు గ్రహం తన దారిలో అన్ని చోట్లా ఒకే వేగంతో నడవదు. కాబట్టి ఒకటి రెండేళ్ళు చూసి, దాన్ని హెచ్చవేసి చెబితే లెక్క తప్పుతుంది. దారి మొత్తం చూడాలి. పూర్వులు రాసి పెట్టిన వందల ఏళ్ళ నాటి స్థానాలతో పోల్చాలి. సమర్ఖండ్ పండితులు ఈ రెండు పనులూ చేశారు.

వారి పరిశ్రమ ఫలితాలను ఉలుగ్ బేగ్ 1437 నాటికి ఫార్సీలో గ్రంథంగా తీర్చిదిద్దారు. దాని పేరు జీజె జదీదె సుల్తానీ. జీజ్ అంటే గ్రహ నక్షత్రాల పట్టికల గ్రంథం. ఆ ఏటికి వేధశాల పరిశీలనలో ముష్తరీ ఒక చుట్టు పూర్తి చేసి ఉండవచ్చు గాని, జుహల్ సగం దారిలోనే ఉంది. అందుకే గ్రంథం వెలువడిన తర్వాత కూడా పరిశీలన ఆగలేదు. 1449 వరకు సాగింది.

ఆ పట్టికల ప్రకారం శనిగ్రహం ఏడాదికి సగటున నడిచే దూరం 12 డిగ్రీల 13 నిమిషాల 39 సెకన్లు. నేటి లెక్క 12 డిగ్రీల 13 నిమిషాల 36 సెకన్లు. బృహస్పతికి వారు కట్టిన లెక్క 30 డిగ్రీల 20 నిమిషాల 34 సెకన్లు. నేటి లెక్క 31 సెకన్లు. ఆకాశ వృత్తం మొత్తం 360 డిగ్రీలు కదా. దాన్ని ఈ అంకెలతో భాగిస్తే శనికి ఇరవై తొమ్మిదిన్నర, బృహస్పతికి పన్నెండుకు కొంచెం తక్కువ ఏళ్ళు వస్తాయి. ఇంటర్ చదివే పిల్లలు ఈ భాగహారం చేసి చూడవచ్చు.

అదే గ్రంథంలో 1018 నక్షత్రాల స్థానాల పట్టిక ఉంది. సమర్ఖండ్ నుంచి కనిపించని 27 దక్షిణ నక్షత్రాలను మాత్రం అబ్దుర్రహ్మాన్ సూఫీ పాత గ్రంథం నుంచి తీసుకున్నామని అందులోనే చెప్పారు. చూసింది ఏదో, చూడనిది ఏదో విడదీసి చెప్పడం వారి నిజాయితీకి నిదర్శనం. అయితే ఆ కాలంలో అందరూ నమ్మినట్టే వారు కూడా భూమి మధ్యలో ఉందనీ, గ్రహాలు దాని చుట్టూ తిరుగుతున్నాయనీ భావించారు. చిత్రం పాతదే అయినా కొలతలు మాత్రం సరిగ్గా ఉన్నాయి.

తండ్రీ కొడుకులు

పండితుడిగా ఉలుగ్ బేగ్ ఎంత గొప్పవారో, రాజకీయాల్లో అంత నేర్పరి కారు. 1427లో బరాఖ్ అనే ఉజ్బెక్ నాయకుని చేతిలో ఘోరంగా ఓడిపోయారు. తండ్రి షారుఖ్‌కు ఆగ్రహం కలిగింది. వర్తకం మీద ఆయన వసూలు చేసిన తమ్గా పన్ను విషయంలో సూఫీ పెద్దలకు అసంతృప్తి ఉండేది. ఆయన దర్బారులోని విందులూ వినోదాలూ మరికొందరికి నచ్చేవి కావు.

1447లో షారుఖ్ మరణించాడు. అంతటితో రాజ్యం కోసం మళ్ళీ కుమ్ములాట మొదలైంది. ఉలుగ్ బేగ్‌కు ఇద్దరు కుమారులు. పెద్దవాడు అబ్దుల్ లతీఫ్, చిన్నవాడు అబ్దుల్ అజీజ్. తండ్రికి చిన్నవాడంటే ఎక్కువ ఇష్టం. ఆ ఇష్టాన్ని ఆయన దాచుకోలేదు. 1448లో హిరాత్ సమీపంలోని తర్నాబ్ వద్ద జరిగిన యుద్ధంలో పెద్దకొడుకు వీరోచితంగా పోరాడాడు. కానీ విజయ ప్రకటనలో చిన్నకొడుకు పేరుకు పెద్దపీట వేశారు. హిరాత్ కోటలో అబ్దుల్ లతీఫ్ దాచుకున్న సొమ్మును కూడా తండ్రి అతనికి ఇవ్వలేదు. చిన్నచిన్నవిగా కనిపించే ఈ విషయాలే ఆ కొడుకు గుండెలో విషమై పేరుకున్నాయి.

పెద్దకొడుకు చేతిలో కీడు ఉందని ఉలుగ్ బేగ్ జాతకంలో చూశారనీ, అందుకే దూరం పెట్టారనీ ఒక కథ ఉంది. అందులో నిజమెంతో గాని, ఆనాటి సంఘటనలు చూస్తే జాతకం అవసరమే లేదు. బిడ్డల మధ్య తేడా చూపితే ఏ ఇంట్లోనైనా జరిగేది అదే. రాజుల ఇళ్ళల్లో ఆ తేడా కత్తుల దాకా వెళుతుంది.

1449లో బల్ఖ్ నుంచి అబ్దుల్ లతీఫ్ తిరుగుబాటు చేశాడు. ఆముదర్యా నదికి అటూ ఇటూ తండ్రీ కొడుకుల సైన్యాలు ఎదురెదురుగా నిలిచాయి. ఇక్కడ నగరంలో అబ్దుల్ అజీజ్ చేసిన ఆగడాలతో అమీర్లు విసిగిపోయారు. సమర్ఖండ్ సమీపంలోని దిమిష్క్ గ్రామం వద్ద జరిగిన యుద్ధంలో ఉలుగ్ బేగ్ ఓడిపోయారు. తిరిగి నగరానికి వస్తే, నలభై ఏళ్ళు తాను పాలించిన నగరమే తలుపులు మూసుకుంది. షారుఖియా కోటకు వెళితే అక్కడా అదే జరిగింది. చివరకు కొడుకు ముందుకు వచ్చి లొంగిపోయారు. రాజ్యం వద్దు, హజ్‌కు వెళ్ళడానికి అనుమతిస్తే చాలని కోరుకున్నారు.

హజ్ దారిలో

కొడుకు పైకి ఒప్పుకున్నాడు. లోపల మాత్రం మరో ఏర్పాటు చేశాడు. చెంఘీజ్ వంశానికి చెందిన ఒక అనామకుణ్ణి పేరుకు ఖాన్‌గా కూర్చోబెట్టారు. తన తండ్రిని ఉలుగ్ బేగ్ చంపించారని అబ్బాస్ అనే వ్యక్తి ఆ ఖాన్ ముందు ఫిర్యాదు చేశాడు. ప్రతీకారానికి అనుమతిస్తూ ఫత్వా తయారైంది. నగరంలోని పండితులు దాని మీద ముద్రలు వేశారు. ఖాజీ మిస్కీన్ ఒక్కరే ముద్ర వేయడానికి నిరాకరించారు. కత్తి నీడలో కూడా న్యాయం వైపు నిలబడిన ఆ ఖాజీ పేరును మనం మరచిపోకూడదు.

అది హిజ్రీ 853 రమజాన్ మాసం. క్రీ.శ. 1449 అక్టోబరు చివరి వారం. ఉలుగ్ బేగ్ ఒక హాజీని తోడు తీసుకొని సాయంత్రం వేళ సమర్ఖండ్ నుంచి బయలుదేరారు. కొంతదూరం వెళ్ళాక వెనుక నుంచి ఒక వార్తాహరుడు వచ్చి, ప్రయాణ సన్నాహాలు హోదాకు తగినట్టు చేయాలనే నెపంతో దగ్గరలోని గ్రామంలో ఆగమన్నాడు. చలిరాత్రి. ఒక ఇంట్లో నిప్పు రాజేసుకొని కూర్చున్నారు. అంతలో అబ్బాస్ లోపలికి వచ్చాడు. ఆయనను బయటికి తీసుకువెళ్ళి ఒక్క వేటుతో తల నరికాడు. ఆయన వయసు 55 సంవత్సరాలు. అబ్దుల్ అజీజ్‌ను కూడా చంపేశారు.

ఆరు నెలలు దాటిన కొద్ది రోజులకే, 1450 మే నెలలో, అబ్దుల్ లతీఫ్‌ను అతని తండ్రి అభిమానులు చంపారు. అతని తలను తండ్రి కట్టించిన మదరసా ద్వారం మీదనే వేలాడదీశారు.

ఉలుగ్ బేగ్ భౌతికకాయాన్ని తర్వాత సమర్ఖండ్‌లోని గోరె అమీర్‌లో తాత తైమూర్ సమాధి దగ్గర ఖననం చేశారు. 1941 జూన్‌లో సోవియట్ శాస్త్రవేత్తలు ఆ సమాధిని తెరిచి చూశారు. తల మొండెం నుంచి పదునైన ఆయుధంతో వేరు చేయబడి ఉంది. కఫన్ బదులు ఒంటి మీద బట్టలతోనే ఖననం చేశారు. షహీదులను అలా ఖననం చేయడం మన సంప్రదాయమని పాఠకులకు తెలుసు. ఆయనను సమాధి చేసినవారి దృష్టిలో ఆయన ఎవరో అది చెబుతోంది.

ఆయన తర్వాత

పోషించే వారు లేక వేధశాల మూతపడింది. సుమారు యాభై ఏళ్ళ తర్వాత సమర్ఖండ్‌ను గెలిచిన బాబర్ తన ఆత్మకథలో ఆ మూడంతస్తుల భవనాన్ని ప్రస్తావించాడు. ఆ తర్వాత అది కూలిపోయి, ఎక్కడ ఉండేదో కూడా జనం మరచిపోయారు. 1908లో రష్యన్ పురావస్తు పరిశోధకుడు వ్యాత్కిన్ పాత పత్రాల ఆధారంగా తవ్వించి, నేలలో దాగిన చాపం కింది భాగాన్ని బయటికి తీశాడు. ఇప్పుడు సమర్ఖండ్ వెళ్ళినవారు దాన్ని చూడవచ్చు.

భవనం కూలినా గ్రంథం నిలిచింది. అలీ ఖుష్జీ కొన్నేళ్ళకు ఇస్తాంబుల్ చేరి, అక్కడ విద్యార్థులకు గణితం బోధిస్తూ 1474లో కన్నుమూశారు. ఉలుగ్ బేగ్ నక్షత్రాల పట్టిక 1665లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చయింది. మన దేశంలో ఢిల్లీ, జైపూర్ నగరాల్లో జంతర్ మంతర్‌లు కట్టించిన రాజా సవాయ్ జయసింగ్ తన జీజె ముహమ్మద్ షాహీకి ఉలుగ్ బేగ్ గ్రంథాన్నే ఆధారంగా తీసుకున్నాడు. ఖాజీ జాదా రూమీ ఉలుగ్ బేగ్ పేర అంకితమిచ్చిన షర్హె చగ్మీనీ అనే ఖగోళ గ్రంథం మన దేశపు మదరసాల దర్సె నిజామీలో తరతరాలుగా పాఠ్యపుస్తకంగా ఉండేది.

ఆయన చూడని గ్రహాలు

ఉలుగ్ బేగ్‌కు గ్రహాల సంవత్సరం తెలుసు గాని, వాటి రోజు ఎంతో తెలియదు. గ్రహం తన చుట్టూ తాను తిరగడాన్ని కనిపెట్టాలంటే దాని ముఖం మీద ఏదో ఒక గుర్తు కనిపించాలి. దానికి దూరదర్శిని కావాలి. 1665లో కాసినీ బృహస్పతి మీద మచ్చల కదలికను చూసి, అక్కడి రోజు 9 గంటల 56 నిమిషాలని చెప్పాడు. అంటే మనకు ఒక ఫజర్ నుంచి మరో ఫజర్ దాకా 24 గంటలైతే, అక్కడ పది గంటల లోపే సూర్యుడు మళ్ళీ ఉదయిస్తాడు. భూమి కంటే పదకొండు రెట్లు వెడల్పైన గ్రహం అంత వేగంగా తిరుగుతోంది.

శని రోజు తేలడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఆ గ్రహానికి గట్టి నేల లేదు. పైన మేఘాలు ఒక్కో చోట ఒక్కో వేగంతో తిరుగుతాయి. కాసినీ పేరే పెట్టిన వ్యోమనౌక 2004 నుంచి 2017 వరకు శని చుట్టూ తిరిగింది. శని వలయాల్లో లేచే అలలను అది పంపిన సమాచారంలో పరిశీలించి, రోజు 10 గంటల 33 నిమిషాలకు పైచిలుకు అని 2019లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఉలుగ్ బేగ్ సంవత్సరం లెక్క చెప్పి ఆరు వందల ఏళ్ళు కావస్తుండగా ఆ గ్రహం రోజు లెక్క వచ్చిందన్నమాట.

శనికి ఆవల ఉన్న యురేనస్‌ను 1781లో విలియం హెర్షెల్ కనుగొన్నాడు. దాని సంవత్సరం మన 84 సంవత్సరాలు. రోజు 17 గంటల 14 నిమిషాలు. అది తన దారిలో పక్కకు ఒరిగి పడుకున్నట్టు తిరుగుతుంది. అందువల్ల దాని ధ్రువాల వద్ద దాదాపు 42 ఏళ్ళు పగలు, 42 ఏళ్ళు రాత్రి. 1846లో కనుగొన్న నెప్ట్యూన్ సంవత్సరం దాదాపు 165 ఏళ్ళు, హిజ్రీలో 170 ఏళ్ళు. రోజు సుమారు 16 గంటలు. మనిషి దాన్ని కనుగొన్న తర్వాత అది తన మొదటి చుట్టును 2011లో పూర్తి చేసింది. దాన్ని మొదట చూసినవారిలో ఎవరూ అప్పటికి బ్రతికి లేరు. 1930లో కనుగొన్న ప్లూటోకు 248 ఏళ్ళు కావాలి. 2006 నుంచి దాన్ని మరుగుజ్జు గ్రహంగా లెక్కిస్తున్నారు.

సూర్యునికి దూరమయ్యే కొద్దీ దారి పొడవు పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. భూమి సెకనుకు దాదాపు 30 కిలోమీటర్లు పోతుంటే, శని పది కిలోమీటర్ల లోపు, నెప్ట్యూన్ అయిదున్నర కిలోమీటర్ల లోపు పోతాయి. సంవత్సరాలు అంత పొడవు కావడానికి కారణం ఇదే. రోజుకు మాత్రం ఈ దూరంతో సంబంధం లేదు.

జుహల్ లెక్కలో చూస్తే ఉలుగ్ బేగ్ రెండేళ్ళు నిండకుండానే వెళ్ళిపోయారు. ఆయన వేధశాల ఆయుష్షు ఒక్క ఏడాది. అరవై దాటిన మన ఇంటి పెద్దలకు ఆ లెక్కలో రెండేళ్ళు నిండి మూడవది నడుస్తున్నట్టు. ఆయన హతుడైన నాటి నుంచి జుహల్ పంతొమ్మిది సార్లు తన దారిని చుట్టి వచ్చింది. ఇరవయ్యోసారి పూర్తి కావడానికి 2038 రావాలి.

ఆయన జీవితంలో తల్లిదండ్రులు తీసుకోవలసినవి రెండు ఉన్నాయి. బిడ్డల్లో ఒకరిని ఎక్కువ, ఒకరిని తక్కువ చేయరాదన్నది మొదటిది. దీని కోసం సుల్తానులే కానక్కరలేదు, పొలం పంపకాల్లో, పెళ్ళి ఖర్చుల్లో, ఒక్క మెచ్చుకోలు మాటలో కూడా ఈ తేడా కనిపిస్తుంది. తాము బ్రతికుండగా పూర్తవుతుందో కాదో తెలియని పనిని కూడా శ్రద్ధగా మొదలుపెట్టాలన్నది రెండవది. జుహల్ సగం దారిలో ఉండగానే ఉలుగ్ బేగ్ తన గ్రంథాన్ని లోకానికి ఇచ్చారు. మిగిలిన సగాన్ని చూడడానికి శిష్యులను తయారు చేశారు. హజ్ సంకల్పంతో బయలుదేరి దారిలోనే హతుడైన ఆ విద్యాప్రియుణ్ణి అల్లాహ్ మన్నించుగాక.